మీ కేజ్-ఫ్రీ హామీ ఎంతవరకు వచ్చిందో అంకెల్లో చెప్పండి

రెస్టారెంట్ కంపెనీల యజమానులకు, ముఖ్య అధికారులకు, గుడ్ల కొనుగోలు చూసే విభాగాల బాధ్యులకు,

నమస్కారం.

ఫలానా సంవత్సరం నాటికి మా వంటగదుల్లో వాడే గుడ్లన్నీ కేజ్-ఫ్రీ, అంటే పంజరాల్లో పెంచని కోళ్లవే అయి ఉంటాయని మీలో చాలామంది లిఖితపూర్వకంగా మాట ఇచ్చారు. ఎక్కువమంది పెట్టుకున్న గడువు 2025. ఆ ఏడాది వెళ్లిపోయింది. కొందరు గడువు కంటే ముందే మాట నిలబెట్టుకున్నారు. కొందరు ఇంకా సగంలోనే ఉన్నామని ఒప్పుకుని కొత్త తేదీ చెప్పారు. మిగిలినవాళ్లు ఏమీ చెప్పలేదు. వెబ్‌సైట్‌లో ఆ హామీ ఉన్న పేజీ చడీచప్పుడు లేకుండా మాయమైంది. పేజీ ఉన్నచోట కూడా తేదీ పోయి, "ఆ దిశగా కృషి చేస్తున్నాం" అన్న వాక్యం వచ్చి చేరింది. ఈ ఉత్తరం ముఖ్యంగా వాళ్లకు. 2026 అనో 2030 అనో గడువు పెట్టుకుని, ఇంకా టైముంది కదా అనుకుంటున్నవాళ్లకు కూడా.

నేను అడిగేది ఒక్కటే. మీరు కొనే గుడ్లలో ఎంత శాతం కేజ్-ఫ్రీవో ఏటా, దేశం వారీగా, అందరికీ కనిపించేలా ప్రకటించండి. సున్నా అయితే సున్నా అనే రాయండి. ఆ అంకె ఎందుకంత ముఖ్యమో కాస్త వివరంగా చెప్తాను, ఓపికగా చదవండి.

ముందు ఈ హామీలు ఎలా పుట్టాయో గుర్తుచేయాలి. 2015 సెప్టెంబరులో మెక్‌డొనాల్డ్స్, అమెరికా, కెనడాల్లోని దాదాపు 16 వేల రెస్టారెంట్లలో పదేళ్లలోగా కేజ్-ఫ్రీ గుడ్లకు మారతామని ప్రకటించింది. అప్పటికి ఒక్క అమెరికాలోనే ఆ సంస్థ ఏటా వాడే గుడ్లు సుమారు 200 కోట్లు. అంత పెద్ద కొనుగోలుదారు కదిలేసరికి మిగతావాళ్లూ కదిలారు. ఆ తర్వాత ఏడాది రెండేళ్లలో రెస్టారెంట్లు, హోటళ్లు, కాఫీ షాపులు, ఆఫీసు క్యాంటీన్లు నడిపే సంస్థలు వందల సంఖ్యలో ఇలాంటి ప్రకటనలే చేశాయి. 2016లో ఏర్పడిన ఓపెన్ వింగ్ అలయన్స్ లాంటి జంతు సంక్షేమ సంఘాల కూటములు ఈ పనిని ఇతర ఖండాలకూ తీసుకెళ్లాయి.

ఇవి మీకు ఉన్నట్టుండి తట్టిన ఆలోచనలు కావు. వాటి వెనక జంతు సంక్షేమ సంఘాల ఏళ్ల శ్రమ ఉంది. ఉత్తరాలు, సంతకాల సేకరణలు, వాటాదారుల సమావేశాల్లో ప్రశ్నలు, మీ రెస్టారెంట్ల ముందు నిరసనలు ఉన్నాయి. మీరు మాట ఇచ్చిన రోజున ఆ నిరసనలు ఆగాయి. నిన్నటిదాకా మిమ్మల్ని ప్రశ్నించినవాళ్లే మీకు కృతజ్ఞతలు చెప్పారు. పత్రికల్లో మంచి మాట వచ్చింది. మీ వార్షిక నివేదికలో ఆ హామీకి రంగుల బొమ్మతో ఒక పేజీ దక్కింది. అంటే ఈ ఒప్పందంలో మీకు రావలసింది మొదటి రోజే మీ చేతికొచ్చింది. కోళ్లకు రావలసింది మాత్రం పదేళ్ల తర్వాతి తేదీకి వాయిదా పడింది. సొమ్ము ముందే తీసుకుని సరుకు తర్వాత ఇస్తానన్న వ్యాపారి ఎలా బాకీపడతాడో, మీరూ అలాగే బాకీపడ్డారు. అందుకే దీన్ని మీ దయాదాక్షిణ్యాలకు సంబంధించిన విషయంగా మాట్లాడలేను.

ఇక పంజరం సంగతి. మీ కొనుగోలు విభాగంలో చాలామంది గుడ్ల ట్రేలనే గానీ, ఆ గుడ్లు పెట్టే కోళ్లను చూసి ఉండరు. బ్యాటరీ కేజ్ అనేది ఇనుప తీగలతో అల్లిన పంజరం. వరసలు వరసలుగా, అంతస్తుల మీద అంతస్తులుగా పేర్చి ఉంటాయి. ఒక్కోదాంట్లో కొన్ని కోళ్లుంటాయి. కింద నేల కూడా తీగే. గుడ్డు పెట్టగానే దొర్లి బయటికి వచ్చేలా కాస్త వాలుగా ఉంటుంది. అమెరికా గుడ్ల ఉత్పత్తిదారుల సంఘం పంజరాలకు పెట్టుకున్న ప్రమాణాల్లో ఒక్కో కోడికి కనీస స్థలం 67 చదరపు అంగుళాలు. అంటే సుమారు 432 చదరపు సెంటీమీటర్లు. ఒక ఏ4 కాగితమే 624 ఉంటుంది.

కోడికి ఏ పనికి ఎంత చోటు కావాలో 1989లో మరియన్ డాకిన్స్, సిల్వియా హార్డీ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి ప్రచురించారు. ఊరికే నిలబడడానికే సగటున 475 చదరపు సెంటీమీటర్లు. ముక్కుతో ఈకలు సవరించుకోవడానికి 1,151. ఉన్నచోట ఒకసారి చుట్టూ తిరగడానికి 1,272. రెక్కలు టపటపా కొట్టుకోవడానికి 1,876. ఈ అంకెల పక్కన ఆ 432ని పెట్టి చూడండి. కోడి నిలబడడానికి కూడా అది చాలదు. పక్కకోడి మీద ఒరిగి నిలబడాలి. అది కదిలితే ఇది కదలాలి. ఇలా ఒక రోజు కాదు, ఏడాదికి పైగా, గుడ్లు తగ్గి తీసేసే రోజు వరకూ. జంతువుకు లేచి నిలబడడానికి, పడుకోవడానికి, చుట్టూ తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, అవయవాలు చాపుకోవడానికి కనీసం వీలుండాలని బ్రిటన్ ప్రభుత్వం వేసిన బ్రాంబెల్ కమిటీ 1965లోనే చెప్పింది. అది చెప్పి అరవై ఏళ్లు దాటింది.

స్థలం ఒక్కటే కాదు, అక్కడ చేసుకోవడానికి పనే లేకపోవడం నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. వదిలేసిన కోడి రోజంతా ఏం చేస్తుంది? కాలితో నేల గీరుతుంది, ముక్కుతో పొడుస్తుంది, ఏదో ఏరుకుంటుంది. రెండు రోజులకోసారి పొడి మట్టిలో పడి పొర్లి, ఈకల్లోకి దుమ్ము ఎగజల్లుకుని, లేచి దులుపుకుంటుంది. చీకటి పడితే ఎత్తుగా ఉన్న చోటు చూసుకుని ఎక్కి పడుకుంటుంది. పంజరంలో ఇవేవీ లేవు. కానీ పంజరంలో పెట్టినంత మాత్రాన ఆ కోరిక చావదు. కింద మట్టి లేకపోయినా, ఉత్త తీగల మీదే ఒరిగి రెక్కలు విదిలిస్తూ పొర్లినట్టు చేస్తుంది. పరిశోధకులు దీన్ని ఎన్నోసార్లు నమోదు చేశారు.

గుడ్డు పెట్టే ముందు గంట ఇంకా కష్టమైనది. ప్రతి పెట్టా ఆ సమయంలో నలుగురి కంటా పడని చాటు వెతుక్కుంటుంది. గూడు దొరికే అవకాశం ఇచ్చి చూస్తే, దానికోసం ఇరుకు సందుల్లోంచి దూరుతుంది, బరువైన తలుపును తోసుకుంటూ వెళ్తుంది. ఆకలేసినప్పుడు మేత కోసం ఎంత పెనుగులాడుతుందో, గూడు కోసం కనీసం అంత పెనుగులాడుతుందని ప్రయోగాల్లో తేలింది. పంజరంలో ఆ చాటు ఉండదు. అటూ ఇటూ తిరిగే ప్రయత్నం చేస్తుంది, తోటి కోళ్ల కిందికి తల దూరుస్తుంది, ఒకరకమైన మూలుగు తీస్తుంది. చివరికి ఉన్నచోటే, అందరి మధ్యా పెట్టేస్తుంది. మర్నాడు మళ్లీ అదే. మీరు వాడే కోడి ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టేలా తయారుచేసిన జాతి. దాని పూర్వీకురాలైన అడవికోడి ఏడాదికి పెట్టేవి పది, పదిహేను. కాబట్టి ఆ గంట ఏడాదిలో దాదాపు 300 సార్లు వస్తుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో మరిచిపోలేనిది ఇదే. మీ హామీ నెరవేరితే కోడికి దక్కే వాటిలో మొదటిది ఆ గూడు.

కేజ్-ఫ్రీ అంటే అంతా సుఖమే అని నేను చెప్పను. షెడ్డులో వేల కోళ్లు కలిసి ఉంటాయి. ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం, గుంపుగా ఒకచోట పడి ఊపిరాడక చనిపోవడం జరుగుతాయి. ఎక్కి కూర్చునే దండేల మీంచి దూకేటప్పుడు రొమ్ము ఎముక విరగడం చాలా మందల్లో కనిపించే సమస్య. ముక్కు కొన కత్తిరించడం, గుడ్లు పెట్టని మగపిల్లల్ని పుట్టిన రోజే చంపేయడం పంజరాల పరిశ్రమలో ఉన్నట్టే ఇక్కడా ఎక్కువచోట్ల ఉన్నాయి. ఇవన్నీ నిజమే. ఈ మాటలను పట్టుకుని, "కేజ్-ఫ్రీలో కోళ్లు ఎక్కువ చనిపోతాయట, మారడం ఎందుకు?" అని వాదించేవాళ్లున్నారు. దానికి సమాధానం కూడా ఉంది. 16 దేశాల్లోని 6,040 మందల లెక్కలు, అంటే 17 కోట్లకు పైగా కోళ్ల లెక్కలు తీసుకుని చేసిన ఒక విశ్లేషణ 2021లో వెలువడింది. కేజ్-ఫ్రీ షెడ్లలో మరణాలు రైతులకు అనుభవం వచ్చేకొద్దీ ఏడాదికేడాది తగ్గుతూ వచ్చాయనీ, అనుభవం కుదిరాక పంజరాలకూ వాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదనీ అందులో తేలింది. షెడ్డులోని లోపాలు పెంపకం నేర్పుతో, జాతి ఎంపికతో, దండేల అమరికతో సరిదిద్దుకోగలిగినవి. పంజరంలో కోడి రెక్క చాపలేకపోవడం ఏ నేర్పుతోనూ పోదు, ఎందుకంటే పంజరం కట్టిన తీరే అది.

ఇప్పుడు నేను అడిగిన అంకె దగ్గరికి వస్తాను.

దుకాణంలో గుడ్లు కొనేవాడికి ఎంతోకొంత ఆధారం ఉంటుంది. అట్ట పెట్టె మీద ఏదో రాసి ఉంటుంది. ఐరోపా యూనియన్‌లోనైతే గుడ్డు పెంకు మీదే ముద్ర ఉంటుంది: సున్నా అంటే సేంద్రియం, 1 అంటే ఆరుబయట తిరిగే కోళ్లు, 2 అంటే షెడ్డులో వదిలినవి, 3 అంటే పంజరం. మీ రెస్టారెంట్‌లో కూర్చున్నవాడికి పెంకు కనిపించదు. ఆమ్లెట్ మీద ముద్ర ఉండదు. పైగా మీ గుడ్లలో చాలాభాగం గుడ్డు రూపంలో రానే రాదు. డబ్బాల్లో వచ్చే లిక్విడ్ గుడ్డు, గుడ్డు పొడి, మయొనైజ్, కేకు, బన్ను, నూడుల్స్, ఐస్‌క్రీమ్, వేయించే ముందు ముంచే పిండి, ఇలా ఎన్నో వాటిలో గుడ్డు కలిసిపోయి ఉంటుంది. అది ఏ కోడిదో చెప్పగలిగింది దాన్ని కొన్న మీరే. కస్టమర్‌కు చూసి తెలుసుకునే దారి లేదు, రుచి చూసి తెలుసుకునే దారి అంతకంటే లేదు. మీరు నోరు విప్పకపోతే మీ హామీ నెరవేరిందో లేదో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. చెప్పకుండా ఊరుకోవడం ఇతర విషయాల్లో చిన్న లోపం కావచ్చు. ఈ విషయంలో మాత్రం అది హామీని రద్దు చేసినదానితో సమానం.

మీరు చెప్పే కారణాలు నేను విన్నాను. బర్డ్ ఫ్లూ, ధరలు, సరఫరా లేకపోవడం.

బర్డ్ ఫ్లూ నిజమైన కష్టమే. 2022 నుంచి అమెరికాలో పది కోట్లకు పైగా పక్షులు ఆ జబ్బుతోనో, అది పాకకుండా చంపేయడం వల్లనో పోయాయి. 2025 ఆరంభంలో గుడ్ల ధరలు ఎన్నడూ లేనంత పెరిగాయి. నెవాడా రాష్ట్రమైతే తన కేజ్-ఫ్రీ చట్టాన్నే 120 రోజులపాటు పక్కన పెట్టింది. ఆ సమయంలో ఒక కంపెనీ ఆరు నెలలో, ఏడాదో ఆలస్యమైతే నేను తప్పుపట్టను. కానీ ఆ జబ్బు పంజరాల ఫారాలనూ వదల్లేదు, కేజ్-ఫ్రీ ఫారాలనూ వదల్లేదు. అదీగాక మీలో చాలామంది మాట ఇచ్చింది 2015, 2016లో. 2022 దాకా మీకు ఆరేడేళ్లు ఉన్నాయి. ఆ ఆరేడేళ్లలో ఏ సంవత్సరం ఎంత శాతానికి చేరారో చెప్పగలిగినవాళ్లు బర్డ్ ఫ్లూని కారణంగా చూపితే నమ్ముతాను. అప్పటికే 70 శాతానికి చేరి ఆగిన కంపెనీకీ, 5 శాతం దగ్గర కూర్చుని ఉన్న కంపెనీకీ ఒకే కారణం ఎలా వర్తిస్తుంది?

"మార్కెట్‌లో కేజ్-ఫ్రీ గుడ్లు దొరకడం లేదు" అన్నది నన్ను అన్నిటికంటే ఎక్కువ నొప్పిస్తుంది. గుడ్లు దొరకడమూ దొరకకపోవడమూ మీ చేతిలో లేనట్టు మాట్లాడుతున్నారు. ఒక రైతు పంజరాల నుంచి బయటపడాలంటే ఏం చేయాలో ఒక్కసారి ఆలోచించండి. కొత్త షెడ్డు కట్టాలి, లేదా పాతది విప్పి దండేలు, గూళ్లు, పొట్టు పరిచిన నేల అమర్చాలి. దానికి బ్యాంకు అప్పు కావాలి. ఎవరు కొంటారో కాగితం మీద చూపించనిదే బ్యాంకు అప్పు ఇవ్వదు. అనుమతులు, నిర్మాణం ముగిశాక కోడిపిల్లలు కావాలి. పంజరంలో పెరిగిన పిల్లల్ని తెచ్చి షెడ్డులో వదిలితే అవి దండెం ఎక్కడం, పై అంతస్తులో మేత, నీళ్లు వెతుక్కోవడం సరిగా నేర్చుకోలేవు. అందుకని వాటిని చిన్నప్పటి నుంచే అలాంటి చోట పెంచాలి. అవి గుడ్లకు రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఇప్పటికే పంజరాల్లో ఉన్న మంద తన కాలం పూర్తిచేయడానికి ఏడాదికి పైనే పడుతుంది. ఇవన్నీ కలుపుకుంటే, డిసెంబరు 31న మీ వంటగదికి రావాల్సిన గుడ్డుకు రైతుతో ఒప్పందం రెండు మూడేళ్ల ముందే కుదరాలి. గడువు ఏడాదిలో సరఫరాదారుకి ఫోన్ చేసి, "ఉన్నాయా?" అని అడిగి, "లేవు" అనిపించుకోవడం సరఫరా కొరత అనిపించుకోదు. మీ ఆర్డరు రాలేదు కాబట్టే ఆ గుడ్డు లేదు.

పైగా మీ మాట నమ్మి ముందే అప్పుచేసిన రైతులున్నారు. హామీల వెల్లువ తర్వాత అమెరికాలో కొందరు ఉత్పత్తిదారులు కేజ్-ఫ్రీ షెడ్లు కట్టుకున్నారు. అనుకున్నంత గిరాకీ రాక, ఆ గుడ్లను మామూలు గుడ్ల ధరకే వదులుకోవాల్సి వచ్చింది. అది చూసిన మిగతావాళ్లు కొత్త షెడ్ల ఆలోచన మానుకున్నారు. మీ మౌనం కోళ్లతో పాటు ఇలాంటి రైతుల్నీ దెబ్బతీస్తుంది. ఏ కంపెనీకి ఏ సంవత్సరం ఎన్ని గుడ్లు కావాలో బహిరంగంగా తెలిస్తే రైతుకూ ధైర్యం, అతనికి అప్పిచ్చే బ్యాంకుకూ ధైర్యం.

మాట నిలబెట్టుకోవడం అసాధ్యమేమీ కాదని నిలబెట్టుకున్నవాళ్లే చూపించారు. టాకో బెల్ 2015 చివర్లో ప్రకటన చేసి, అమెరికాలోని తన రెస్టారెంట్లను 2016 ముగిసేసరికి మార్చేసింది. మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో లక్ష్యం పూర్తయిందని 2024 ఆరంభంలోనే చెప్పింది, గడువు ఇంకా ఉండగానే, బర్డ్ ఫ్లూ కాలంలోనే. ఏటా 200 కోట్ల గుడ్లు కొనేవాళ్లకు దొరికిన సరఫరా అందులో వందోవంతు కొనేవాళ్లకు దొరకదా? హామీలకు ముందు అమెరికాలో గుడ్లు పెట్టే కోళ్లలో పంజరం బయట ఉన్నవి పదోవంతు కూడా లేవు. 2024 నాటికి 40 శాతం దరిదాపుల్లోకి వచ్చాయి. దీని వెనక రాష్ట్రాల చట్టాలతో పాటు మీలాంటి కొనుగోలుదారుల ఆర్డర్లూ ఉన్నాయి. మీరు కదిలితే ఏం జరుగుతుందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

చట్టం వచ్చి అందర్నీ ఒకేసారి మారుస్తుందిలే అని ఎదురుచూడడం కూడా సరికాదు. స్విట్జర్లాండ్ 1992 నుంచే బ్యాటరీ పంజరాలు లేకుండా నడుస్తోంది. న్యూజిలాండ్ 2012లో నిర్ణయం తీసుకుని, 2023 జనవరి 1 నుంచి వాటిని పూర్తిగా ఆపేసింది. కానీ అన్నిచోట్లా అలా జరగలేదు. ఐరోపా యూనియన్‌లో మిగిలిన పంజరాలనూ తీసేయాలని దాదాపు 14 లక్షల మంది సంతకాలు చేశారు. 2023 చివరికల్లా చట్టం ప్రతిపాదన తెస్తామని ఐరోపా కమిషన్ 2021లో మాట ఇచ్చింది. ఆ గడువు వచ్చింది, పోయింది, ప్రతిపాదన రాలేదు. అంతకుముందు మామూలు బ్యాటరీ పంజరాలను నిషేధిస్తూ 1999లో చేసిన చట్టానికే 12 ఏళ్లకు పైగా గడువు ఇచ్చినా, 2012 జనవరిలో 13 దేశాలు సిద్ధంగా లేవని కమిషన్ నోటీసులు పంపాల్సి వచ్చింది. మధ్యలో ఎవరూ లెక్క అడగని గడువు ఎంత పొడుగున్నా చివరి రోజున ఇలాగే ఉంటుంది. ప్రభుత్వాలకైనా, మీకైనా.

అందుకే ఆ అంకె ఎలా ఉండాలో కూడా చెప్పాలి. ఇప్పుడు కొన్ని నివేదికల్లో కనిపించేవి చదివితే ఏమీ అర్థం కాదు.

దేశాలన్నీ కలిపి ఒకే శాతం ఇస్తే చాలదు. చట్టం తప్పనిసరి చేసినచోట వంద, చేయనిచోట సున్నా ఉన్నా సగటు బాగానే కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో 2022 నుంచి పంజరం గుడ్లు అమ్మడమే చట్టవిరుద్ధం. అక్కడ మీరు వందశాతం అని రాసుకుంటే అది చట్టం చేసిన పని. మీ హామీ బలం తెలిసేది చట్టం లేనిచోట. అందుకే దేశం వారీగా అడుగుతున్నాను. పెంకుతో వచ్చే గుడ్లు ఎంత, లిక్విడ్ ఎంత, పొడి ఎంత, సాస్‌లలోనూ బేకరీ సరుకులోనూ కలిసి వచ్చేది ఎంత, అవి విడిగా ఉండాలి. చాలామంది పెంకు గుడ్లు మార్చి అక్కడితో ఆగిపోతున్నారు. ఫ్రాంచైజీ ఔట్‌లెట్లు లెక్కలో ఉన్నాయో లేదో రాయండి. మీ బోర్డు పెట్టుకున్న ప్రతి ఔట్‌లెట్ కస్టమర్ దృష్టిలో మీదే. బన్ను సైజు నుంచి ఉద్యోగి చొక్కా రంగు దాకా ఫ్రాంచైజీ ఒప్పందంలో రాసుకునే మీకు, గుడ్ల గురించి ఒక్క వాక్యం చేర్చడం కష్టమంటే ఒప్పుకోను.

కేజ్-ఫ్రీ అని దేన్ని అంటున్నారో కూడా తేల్చి రాయాలి. దండెం, చిన్న గూడు పెట్టిన "ఎన్‌రిచ్డ్" పంజరం కూడా పంజరమే. తలుపులుండి, అవి మూసేస్తే మళ్లీ పంజరమైపోయే కాంబీ షెడ్లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. అలాంటి చోట నుంచి కొంటూ కేజ్-ఫ్రీ అని లెక్కేయకండి. ఈ లెక్కను బయటి ఆడిటర్ తనిఖీ చేయాలి. డబ్బు లెక్కలకు చేయిస్తారు కదా, దీనికీ చేయించండి.

నిజంగా సరఫరా లేని దేశాలుంటే అక్కడ ఏం చేస్తున్నారో రాయండి. ఎవరితో ఎన్నేళ్ల కొనుగోలు ఒప్పందం కుదిరింది, షెడ్డు మార్చుకునే రైతుకు ధరలో ఎంత తోడు ఇస్తున్నారు, వచ్చే ఏడాదికి లక్ష్యం ఎంత. మీకు గుడ్లు చేర్చలేని దూరంలో ఉన్న రైతు పంజరాలు తీసేయడానికి డబ్బు కట్టి, ఆ మేరకు క్రెడిట్ తీసుకునే పద్ధతులు కూడా కొన్ని వచ్చాయి. అవి వాడుకుంటే వాడుకోండి. కానీ వాటిని మీ వంటగదికి వచ్చిన గుడ్లతో కలిపేయకుండా వేరే వరసలో చూపండి.

గడువు తప్పిందా, తప్పిందని రాయండి. కొత్త తేదీ చెప్పండి, అక్కడికి చేరే దారిలో ప్రతి ఏడాదికీ ఒక శాతం చెప్పండి. అలా రాసిన కంపెనీని నేను ఒక మెట్టు పైనే చూస్తాను. మౌనంగా పేజీ తీసేసినవాళ్లకు ఒక మాట. ఆ పేజీల నకళ్లు జనం దగ్గర ఉన్నాయి. మీరు చెప్పిన తేదీలు, మీరు వాడిన వాక్యాలు భద్రంగా ఉన్నాయి. పేజీ తీసేయడం వల్ల పోయింది మీ మీద ఉన్న నమ్మకమే.

కంపెనీ లోపల పనిచేసేవాళ్లకు కూడా ఒక విన్నపం. ఈ హామీల కోసం మీ సంస్థల్లోనే మనసుపెట్టి పనిచేసినవాళ్లున్నారని నాకు తెలుసు. నాలుగు బడ్జెట్ సమావేశాల్లో గుడ్ల ఖర్చు కోసం వాదించి, ఐదోసారి ఓడిపోయినవాళ్లు ఉంటారు. బయటికి ఏటా ఒక అంకె వెళ్లాలన్న నియమం ఉంటే లోపల మీ చేతికే బలం వస్తుంది. ఈసారి శాతం ఎందుకు పెరగలేదని బోర్డు అడిగే రోజు రావాలి. ఉన్నతాధికారుల బోనస్ లెక్కల్లో అమ్మకాలతో పాటు ఈ శాతం కూడా ఉంటే అది ఇంకా త్వరగా వస్తుంది.

మేం చేయబోయేది కూడా దాచను. మాట నిలబెట్టుకున్న కంపెనీల పేర్లు నలుగురికీ చెప్తాం, అక్కడే తింటాం. అంకె ఇవ్వని కంపెనీల కస్టమర్ సర్వీసుకు రాస్తాం, కౌంటర్ దగ్గర అడుగుతాం, వాటాలు ఉన్నవాళ్లం వార్షిక సమావేశంలో లేచి అడుగుతాం. కౌంటర్ దగ్గర నిలబడే ఉద్యోగిని కసురుకోం, తప్పు అతనిది కాదు. అడిగినది రాసి పై అధికారికి పంపమని మర్యాదగానే చెప్తాం. సమాధానం వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడుగుతాం. హామీ వచ్చిందని నమ్మి ఆపేసిన ప్రశ్నలను హామీ నెరవేరకపోతే మళ్లీ మొదలుపెట్టడం మా హక్కు.

మీ తర్వాతి వార్షిక నివేదిక కోసం చూస్తుంటాను. అందులో దేశాల పేర్లు, గుడ్ల రకాలు, గత ఏడాది శాతం, ఈ ఏడాది శాతం, వచ్చే ఏడాది లక్ష్యంతో ఒక పట్టిక ఉండాలి. అది ఏ నెలలో ప్రచురిస్తారో ఈ లేఖకు జవాబుగా ముందే తెలియజేయండి.

ఇట్లు,
మీ కస్టమర్లలో ఒకరు